పిడికెడు బియ్యం పుస్తకాలు

2003 జూన్ రెండో తారీఖు, సోమవారం, పొద్దున తొమ్మిది గంటలకు మా చర్చి వెనక గది తాళం నా చేతికి వచ్చింది. ఇచ్చిన పాస్టరు అయ్యగారు అప్పుడే బదిలీ మీద వచ్చినవాడు, చిన్న వయసు.

"టీచరమ్మ గారూ, పాత గుడి తీసేసి కొత్తది కడతాం గదా. ఈ గదిలో ఉన్న పుస్తకాల్లో ఏవి ఉంచాలో, ఏవి తీసెయ్యాలో మీరే చెప్పాలి. మీ అంత వివరంగా చూసేవాళ్లు సంఘంలో ఎవరున్నారు?" అన్నాడు.

పని అప్పజెప్పేముందు పొగడటం అందరికీ అలవాటే. అయినా ఒప్పుకున్నాను. ఆ గదిలో నేను వెతకాల్సింది ఒకటి ఉంది. అది అయ్యగారికి చెప్పలేదు.

మాది భద్రాచలం రోడ్డు మీద, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న చిన్న పట్నం. ఇక్కడి బడిలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. రెండు గదుల ఇల్లు, ఒక గోడ గడియారం, ఏడాదికొకటి చొప్పున డైరీలు. బడి కాగితాల ప్రకారం ఆ జూన్‌కు నాకు అరవై ఆరేళ్లు. నిజం వయసు ఎంతో చెప్పగలిగిన మనిషి ఒక్కతే. ఆమెను నేను ఆరేళ్లప్పుడు చివరిసారి చూశాను.

ఆమె మా అమ్మ. నాన్న జ్వరంతో పోయిన ఏడు, బడులు తెరిచే రోజుల్లో, అడవి ఊరి నుంచి నన్ను నడిపించుకొచ్చి ఇక్కడి బోర్డింగులో దింపింది. ఆ నడకలో ఆమె ముందు, నేను వెనక. అందుకని నాకు గుర్తున్నవి ఆమె మడమలు. పగుళ్లలో ఎర్రమట్టి ఉండేది. ముఖం గుర్తులేదు. చెయ్యి పట్టుకుందో లేదో కూడా గుర్తులేదు.

ఆ ఏడు క్రిస్మసుకు అందరి తల్లులూ వచ్చారు. మా అమ్మ రాలేదు. బోర్డింగు మేట్రనమ్మను అడిగితే, తలదువ్వే పని ఆపకుండానే చెప్పింది: "మీ అమ్మ మారుమనువు పోయింది. సంఘం ఆమె పేరు కొట్టేసింది. నువ్విక సంఘం పిల్లవి. ఏడవద్దు." నేను ఏడవలేదు. మళ్లీ అడగనూ లేదు. ఆమె నన్ను మరిచిపోయింది, నేనూ ఆమెను మరిచిపోవాలి అని ఒక నిర్ణయం చేసుకుని, దాని మీద అరవై ఏళ్లు బతికాను. కానీ నిర్ణయం వేరు, రుజువు వేరు. క్లాసులో జవాబు ఒక్కటే రాసి, చేసిన విధానం చూపించని పిల్లకు నేను ఎప్పుడూ సగం మార్కులే వేశాను. నా జవాబుకు విధానం లేదు. అమ్మ నన్ను నిజంగా మరిచిపోయిందా? ఆ గదిలో నేను వెతకాల్సింది అదే.

చెదలు తిన్నవి పోగా తొంభై ఒక్క పుస్తకాలు తేలాయి. సభ్యుల పుస్తకాలు, సంఘ సభల మినిట్సు, పెండ్లి పుస్తకాలు, సమాధుల పుస్తకం. వేపాకు పరిచి, పుస్తకానికో నంబరు వేసి, నా డైరీలో జాబితా రాశాను.

బాప్టిస్టు సంఘం పుస్తకాల్లో ఒక చిక్కు ఉంది. మేము పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వం. మనిషి పెరిగి, తనకై తాను అడిగి, పెద్దల ముందు నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పి, వాగులో మునిగాకే పేరు పుస్తకానికి ఎక్కుతుంది. అందుకని పుట్టిన తేదీలు ఉండవు, పిల్లలు ఉండరు. నా పేరు కూడా పద్నాలుగేళ్లకు గానీ ఎక్కలేదు. నా నంబరు ఆరువందల పదకొండు. పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, మునిగిన తేదీ, ఇచ్చిన అయ్యగారు, చివర 'వివరము' అని ఒక గడి. చనిపోతే ఆ గడిలో తేదీ. వేరే ఊరు పోతే, ఉత్తరం మీద పంపినట్టు. తప్పు చేస్తే, ఎర్ర సిరా.

అమ్మ మూడో రోజే దొరికింది. నంబరు రెండువందల ముప్పై ఎనిమిది. పేరు మీద ఎర్ర గీత. వివరము గడిలో: "అవిశ్వాసితో కాపురము. వెలి." తేదీ, నేను బోర్డింగులో చేరిన నాలుగు నెలలకు, అక్టోబరులో. మేట్రనమ్మ చెప్పింది అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. పెన్సిలు కింద పెట్టి, టైము చూసి, డైరీలో రాసుకున్నాను. పదకొండుంబావు.

దాంతో నా పని అయిపోయినట్టే. కానీ అయ్యగారి పని ఉంది గదా. ఆ వర్షాకాలమంతా వెళ్లాను. పాత పుస్తకాలు తెరిచారని తెలిసి మనుషులు రావడం మొదలైంది. వేంసూరు నుంచి ఒక రైతు వచ్చి తన తాత పేరు చెప్పాడు. ఇరవై నిమిషాల్లో తీసి చూపించాను. తాత మునిగిన తేదీ మీద వేలు పెట్టి, ఆ వేలు తీయకుండా చాలాసేపు కూర్చున్నాడు. వచ్చిన పదిహేడు మందిలో పద్నాలుగు మందికి వాళ్ల మనుషులను చూపించాను. పోతూపోతూ, "మీవాళ్లు కూడా ఇందులో ఉన్నారా, అమ్మా?" అని ఒకరిద్దరు అడిగారు. ఉన్నారన్నాను. ఇంటికి వెళ్లి ఒక్కదానికే వండుకుని, మర్నాడు మళ్లీ తొమ్మిదికి తాళం తీశాను.

ఇప్పుడు నా తప్పు రాయాలి.

ఒక మూల జనపతాడుతో కట్టిన పదమూడు సన్నటి పుస్తకాలు ఉన్నాయి. విప్పి పైదాని మొదటి పేజీ చూశాను. "స్త్రీల సమాజము. పిడికెడు బియ్యం" అని ఉంది. ఆ పద్ధతి మా వాళ్లందరికీ తెలిసిందే. ఆడవాళ్లు వంట పొయ్యి మీద పెట్టేముందు, కుండలో పొయ్యాల్సిన గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తారు. పూటకు ఒక పిడికెడు. నెలాఖరుకు ఆ ముంత దేవునికి. పేరుకు బియ్యం గానీ ఆ రోజుల్లో మా వైపు బియ్యం పండగనాడే. ముంతలో ఉండేవి జొన్నలు. ఊళ్లు తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ వాటిని సోలతో కొలిచి, రాసుకుని, బోర్డింగుకు చేర్చేది.

చూసింది ఆ ఒక్క పేజీ. నా జాబితాలో రాశాను: "కొలతలు మాత్రమే. అవసరం లేదు." కింద సంతకం, తేదీ. పదమూడూ తీసుకెళ్లి చర్చి కాపలాదారు భార్యకు ఇచ్చాను, పొయ్యి రాజెయ్యడానికి పనికొస్తాయని.

ఆమె నా దగ్గర చదువుకున్న పిల్లే. నవంబరు పదమూడు, గురువారం, నేను గదిలో ఉండగా చేతికి మసితో గడప దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, ఒక్కటి అడుగుతా. కోప్పడొద్దు."

"అడుగు."

"గీ పుస్తకంల మీ పేరుంది. చింపాల్నా వద్దా?"

"నా పేరు అందులో ఎందుకుంటుంది? అవి నేను చూసినవే."

"నేను మీ తాన రెండుసార్లు లెక్కల్ల తప్పిన గనీ, చదవనీకి వస్తది, టీచరమ్మా. సూడుండ్రి."

ఊరి పేర్ల వారీగా ఆడవాళ్ల పేర్లు, ఎదురుగా కొలతలు. మా అడవి ఊరి కింద చివరి వరుసలో, ఊదా సిరాతో, నా పేరు. పక్కన "తల్లి" అని.

ఇన్నాళ్లూ నేను ఆమె పేరు కోసమే వెతికాను. ఆడవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరని, పెద్దపిల్ల పేరు చెప్పి ఫలానా తల్లి అంటారని నాకు తెలియనిది కాదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న పిలుపే. కానీ నన్ను ఎవరూ అలా పిలిచే అవసరం రాలేదు. బహుశా అందుకే తట్టలేదు.

"మిగతావి ఏవి?" అన్నాను.

ఆమె తన ఇంటి వైపు నడిచింది. వెంట వెళ్లాను. పొయ్యి పక్కన మూడు ఉన్నాయి. ఆమె చేతిలోది ఒకటి. నాలుగు.

"తొమ్మిది అయినయ్," అంది. "మొన్న కోతల పండగ వంట అంతా వాటితోనే రాజేసిన. మీరే గదా ఇచ్చిండ్రు, టీచరమ్మా."

"అవును. నేనే ఇచ్చాను," అన్నాను.

మిగిలిన నాలుగూ వరసగా నేను బోర్డింగులో చేరిన ఏడు, ఆ తర్వాతి మూడేళ్లవి. వాటిని ఇంటికి తెచ్చి ఆరు రోజులు కూర్చున్నాను. పిడికిలి లెక్క కావాలి గనక, పాతసామాన్ల వాళ్ల దగ్గర ఇత్తడి సోల కొని, జొన్నలు తెచ్చి, నా పిడికిలితో కొలిచాను. పదిసార్లు కొలిస్తే తొమ్మిదిసార్లు అయిదు పిడికెళ్లకు సోల నిండింది. ఆ లెక్కన రెండు పూటలు వండే ఇంట్లో నెలకు అరవై పిడికెళ్లు, పన్నెండు సోలలు. ఒక్క పూటే వండితే ఆరు.

మొదటి పుస్తకంలో ఫిబ్రవరి దాకా అమ్మ తన పేరు మీదే పన్నెండు సోలలు ఇచ్చింది. మార్చిలో నాలుగు. సమాధుల పుస్తకంలో నాన్న తేదీ మార్చిలో ఉంది. ఏప్రిల్ నుంచి రెండు, మూడు. అంటే మా ఇంట్లో నెలకు పది పదిహేను పూటలే పొయ్యి వెలిగింది. జూన్‌లో నన్ను బోర్డింగులో దింపింది. అక్టోబరులో పేరు కొట్టేశారు. నవంబరులో ఆమె పేరున్న వరుస లేదు. అన్నిటికంటే కింద, కొత్తగా, నా పేరు, తల్లి. ఆరు సోలలు.

ఆ నవంబరు నుంచి నాలుగో పుస్తకం చివరి పేజీ దాకా ముప్పై ఎనిమిది నెలలు. ఒక్క నెల ఖాళీ లేదు. మూడు ఎండాకాలాల్లో మూడేసి నెలలు రెండు సోలల చొప్పున, మిగతా ఇరవై తొమ్మిది నెలలు ఆరు. మొత్తం నూట తొంభై రెండు సోలలు. పిడికెళ్లలో తొమ్మిది వందల అరవై. మారుమనువు పోయిన ఇంట్లోనూ ఒక్క పూటే వండారు. మన దేవుణ్ణి ఎరగని ఆ ఇంటి పొయ్యి దగ్గర, వండిన పూటల్లా, కుండలో పొయ్యాల్సిన దాంట్లోంచి ఒక పిడికెడు నా పేరు మీద పక్కకు పెట్టింది.

ఆ జొన్నలే బోర్డింగులో మా గట్క. అన్నం ఆదివారమే పెట్టేవాళ్లు. గట్క గొంతు దిగడం లేదని మూడో తరగతిలో ఎన్నోసార్లు గోడ అవతలి కుక్కకు వేశాను. ఎన్నిసార్లో లెక్క లేదు. నా దగ్గర లెక్క లేనివి చాలా తక్కువ.

ఆ ఊదా సిరాతో రాసిన బైబిలు స్త్రీ ఎప్పుడో పోయింది. ఆమె కూతురు బతికే ఉందని, మణుగూరులో బొగ్గుగనిలో పనిచేసే కొడుకు దగ్గర ఉంటుందని కాపలాదారు భార్య చెప్పింది. నవంబరు ఇరవై ఒకటి, శుక్రవారం, ఏడుంబావు బస్సెక్కాను. అడవి దారి పొడుగునా టేకాకు ఎర్రబడి ఉంది. ఆ చెట్లలో ఎక్కడో మా ఊరు ఉండేది. ఇప్పుడు ఆ పేరుతో స్టేజీ లేదు.

కాలనీ క్వార్టరు ముందు మంచం మీద ఆమె ఎండకు కూర్చుని ఉంది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. చూపు ఆనదు. నేను ఎవరో చెప్పగానే నా మోచెయ్యి పట్టుకుంది.

"లెక్కల పిల్లవు గదా నువ్వు? ఇంత సన్నగైనవేంది? పింఛను రాదా?"

"వస్తుంది, అక్కా."

"వస్తే తినాలె."

నేను పుస్తకం తీసి, ఆ వరుస చదివి వినిపించి, ఇలా ఎందుకు రాశారని అడిగాను. ఆమె నవ్వింది. పళ్లు లేవు.

"అవ్. పెద్దలు మా అమ్మను పిలిచి, వెలేసినామె పేరు సంఘం పుస్తకంల ఉండొద్దన్నరు. మా అమ్మ సరే అన్నది. పేరు వద్దన్నరు గనీ జొన్నలు వద్దనలేదు గదా అని నీ పేరు రాసింది. పెద్దలు చదివిన్రు. ఒక్కడు కూడ ఏమనలే. బోర్డింగుల తిండికి కొరత ఉండె మరి."

"మా అమ్మే తెచ్చేదా?"

"ఇంకెవరు తెస్తరు? నెలనెలా మా ఇంటి పెరట్లకు వచ్చేది, ముంత పట్టుకొని. గుడి దిక్కు పోయేది కాదు. కూసోమంటే కూసునేది కాదు. నా బిడ్డ ఎట్లున్నది అని ఒక్కటే మాట. లెక్కల్ల ఫస్టు అని చెప్పింది మా అమ్మ ఒకసారి. లెక్కలొస్తే ఏమైతది అనడిగింది మీ అమ్మ."

"ఏం చెప్పింది మీ అమ్మ?"

"కొలతల్ల ఎవరూ మోసం చెయ్యలేరు అని చెప్పింది. అయితే మంచిదే అనుకుంట పోయింది."

లోపలి నుంచి కోడలు చాయ్ తెచ్చింది. తాగాను. ఆ బైబిలు స్త్రీ ఇంటి పెరడు, మా బోర్డింగు గోడ నాకు తెలుసు. మధ్యలో రెండు వందల గజాలు.

"బోర్డింగు దాకా ఎందుకు రాలేదు?"

"వచ్చింది ఒక్కసారి, క్రిస్మసుకు. మీ మేట్రనమ్మ గేటు తియ్యలే. నిన్ను బోర్డింగుల ఉంచుకోవాలంటే తల్లి మొకం చూపొద్దని పెద్దల మాటనట. మీ అమ్మ కొట్లాడలే. కొట్లాడితే నిన్ను ఇచ్చి పంపుతరని భయం. అడవిల ఏం తింటవు నువ్వు?"

నేను ఇంకొక్కటి అడిగాను. ఆ రోజు అసలు అడగడానికి వెళ్లింది అదే. "ఎన్నేళ్లు తెచ్చింది, అక్కా? ఎప్పుడు ఆగింది?"

"గదైతే నాకెట్ల తెలుస్తది? నాలుగో ఏడు నా పెండ్లి చేసి ఇటు తోలిండ్రు." నన్ను ఓదార్చడానికి అన్నట్టు మోచెయ్యి తట్టింది. "ఆ పుస్తకాలల్ల ఉంటది చూడు. మా అమ్మ ఒక్క నెల విడిచిపెట్టదు. తెచ్చిన నెల తెచ్చినట్టు, రాని నెల రానట్టు, మనిషి సచ్చిపోతే అది సుత రాసేది. పదమూడు పుస్తకాలు రాసింది. అన్నీ ఉన్నయి గదా?"

నా చేతిలో ఉన్నది చూడలేదు ఆమె.

"ఉన్నాయి," అన్నాను.

"ఇంకేం మరి. అండ్ల చూసుకో."

నాలుగుంబావు బస్సుకు తిరిగి వచ్చాను. ఒళ్లో పుస్తకం, నాలుగోది. దాని చివరి పేజీ డిసెంబరు. నా పేరు, తల్లి, ఆరు సోలలు. అప్పటికి నేను నాలుగో తరగతి. తర్వాత ఇంకా తొమ్మిదేళ్లు ఈ పట్నంలోనే ఉన్నాను. ఆ తొమ్మిదేళ్లకు తొమ్మిది పుస్తకాలు. వాటిలో ఆమె ఎప్పటిదాకా వచ్చిందో, ఎప్పుడు ఆగిపోయిందో, ఎందుకు ఆగిందో ఉండి ఉంటుంది. ఆమె చనిపోయిన నెల ఉండి ఉంటుంది. అవసరం లేదని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టిన కాగితం నా డైరీలో ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు.

నాకు తెలియాల్సింది తెలిసింది. అమ్మ మరిచిపోలేదు. ముప్పై ఎనిమిది నెలల వరకు రుజువు ఉంది. మిగతాది నేను కాల్చాను.

డిసెంబరు నుంచి నేనూ ముంత పెట్టుకున్నాను. స్త్రీల సమాజంలో ఇప్పుడు అంతా కవర్లే. గింజలు తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. నేను బియ్యం సంచి తీసుకుపోతే సమాజం వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఆఖరికి కాపలాదారు భార్యే ఒక కొత్త నోటుబుక్కు తెరిచింది.

"ఎవరి పేరు రాయాలె, టీచరమ్మా?"

అమ్మ పేరు చెప్పాను. ఆ పేరు నోటితో పైకి అనడం నాకు అదే మొదలు. "పక్కన, కూతురు అని రాయి."

"మీ పేరు?"

"అక్కర్లేదు."

ఆమె రాసింది, నెమ్మదిగా, గీత దాటకుండా. ఆ బియ్యం ఆమె కుండలోకి పోతాయో, కోళ్లకు పోతాయో నేను అడగలేదు. నేను రోజూ ఒక్క పూటే వండుకుంటాను. నెలకు ముప్పై పిడికెళ్లు, ఆరు సోలలు. అయిదేళ్లుగా ఒక్క నెల తప్పలేదు. కొత్త గుడి లేచింది. నాలుగు పుస్తకాలూ ఇనప బీరువాలో ఉన్నాయి, కొత్త జాబితాలో నంబరుతో.

పోయిన నెల ఆమె సోలతో కొలిచి, మళ్లీ కొలిచింది.

"తక్కువైనయ్, టీచరమ్మా. అయిదున్నరే ఉన్నయ్."

"ముప్పై పిడికెళ్లు. పూట తప్పలేదు నేను."

"పూట తప్పలేదు గావచ్చు. చెయ్యి సూసుకోండ్రి. ఎండిపోయింది."

చూసుకున్నాను. ఆమె అన్నది నిజమే. అయిదు పిడికెళ్లకు సోల అని నేను వేసిన లెక్క అప్పటి నా చేతిది. ఇప్పుడు ఆ చెయ్యి లేదు. అమ్మకు అప్పుడు పాతికేళ్లు ఉంటాయేమో. పొలం పని చేసే చెయ్యి. నాకంటే పెద్దదో చిన్నదో, ఆ తొమ్మిది వందల అరవై అసలు ఎంతో, చెప్పే పుస్తకం ఎక్కడా లేదు.

"ఏం రాయాలె మరి? ఆరే రాద్దునా?" అంది ఆమె.

అయిదున్నర రాయమన్నాను.